రాగం తీయడం

తెలుగులో ‘రాగం’ అన్నమాట రెండు చోట్ల కాపురముంటుంది. కచేరీలో విద్వాంసుడు రాగం తీస్తే తలలూపుతాం, శాలువా కప్పుతాం. ఇంట్లో ఆడపిల్ల గొంతెత్తి ఏడిస్తే ‘ఏమిటే ఆ రాగాలు’ అని కసురుతాం. చావింట్లో ఆడవాళ్లు రాగాలు తీసి ఏడుస్తారు. మాట ఒకటే. తీయడం ఒకటే. గొంతు పడే కష్టమూ ఇంచుమించు ఒకటే. అయినా మొదటిదాన్ని సంగీతమన్నాం, రెండోదాన్ని ఏడుపన్నాం. ఈ విభజన ఎవరు చేశారు, ఎందుకు చేశారు అన్న ప్రశ్న నన్ను చాలాకాలంగా వదలడం లేదు.

సంగీతం చరిత్ర గురించి మనకి మామూలుగా చెప్పే కథ ఒక మెట్లవరస లాంటిది. అట్టడుగు మెట్టు మీద అవసరం కోసం పుట్టిన పాటలు: బిడ్డని నిద్రపుచ్చడానికి, వడ్లు దంచడానికి, దేవరని పిలవడానికి, చచ్చినవాళ్లని సాగనంపడానికి. ఆ పైమెట్టు గుడి, దానిపైన రాజుగారి కొలువు. చిట్టచివరి మెట్టు మీద సభ. అక్కడ సంగీతం ఏ పనీ చెయ్యదు. ఊరికే వినడానికే ఉంటుంది. పని నుంచి విడుదలైనప్పుడే అది కళ అయిందని ఈ కథ సారాంశం. చదువుకున్న రోజుల్లో నేనూ దీన్ని పాఠంగానే చదువుకున్నాను. తర్వాత ఒకసారి ఈ మెట్ల మీద నిలబడ్డ మనుషులని లెక్కపెట్టి చూడబోతే, అడుగు మెట్టు నిండా ఆడవాళ్లే కనిపించారు. పాటలకి ర్యాంకులు ఇస్తున్నామనుకుంటూ నిజానికి పాడేవాళ్లకి ఇస్తున్నాం.

అసలు మనిషి ఎందుకు పాడటం మొదలుపెట్టాడు? (ఈ వాక్యం రాస్తున్నప్పుడు ‘మొదలుపెట్టాడు’ అనే పుంలింగం ఎంత అలవోకగా వచ్చిందో గమనించండి.) దీనిమీద సిద్ధాంతాలు చాలా ఉన్నాయి. 1871లో డార్విన్ చెప్పినదాని ప్రకారం భాషకంటే ముందే మనిషి పూర్వీకులు ఒకరినొకరు ఆకర్షించుకోవడానికి స్వరాలు నేర్చారు. పక్షుల పాటలాగే ఇదీ జతకోసమే. డార్విన్ ఆడా మగా ఇద్దరికీ అవకాశం ఉంచాడు గానీ, ఆయన తర్వాతివాళ్లు అంత ఉదారులు కారు. జెఫ్రీ మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2000లో ఈ వాదాన్ని మళ్లీ పైకి తెచ్చి, రాక్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌నీ అతని చుట్టూ తిరిగిన ఆడవాళ్లనీ ఉదాహరణగా చూపించాడు. మగవాడు పాడతాడు, ఆడది విని ఎంచుకుంటుంది. మానవజాతి సంగీత చరిత్ర అంతా ఒక పెద్ద పెళ్లిచూపులు. కాకపోతే మన పెళ్లిచూపుల్లో పాడమని అడిగేది అమ్మాయిని. ఆ పాటకి పెళ్లయిన మర్నాటి నుంచి పని ఉండదు, హార్మోనియం అటక ఎక్కుతుంది. ఇది ఏ సిద్ధాంతంలో ఇముడుతుందో మిల్లర్‌గారు చెప్పలేదు.

పక్షుల సంగతి ఇంకా ఆసక్తికరం. పాడేది మగపిట్టేననీ, ఆడపిట్ట వింటుందనీ వందేళ్లకి పైగా పాఠ్యపుస్తకాలు చెప్పాయి. 2014లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో వచ్చిన ఒక పరిశోధన, పాడే పక్షుల్లో తాము పరిశీలించిన జాతుల్లో 71 శాతంలో ఆడపిట్టలు కూడా పాడతాయని తేల్చింది. అంతేకాదు, ఈ పక్షులన్నిటికీ మూలమైన పూర్వీకుల్లోనే ఆడా మగా రెండూ పాడేవట. మరి ఇంతకాలం ఎందుకు వినబడలేదు? పరిశోధన ఎక్కువగా జరిగింది యూరప్‌లో, ఉత్తర అమెరికాలో. అక్కడి జాతుల్లో ఆడపిట్ట పాట తక్కువ. ఉష్ణమండలంలో అది మామూలు విషయం. పాట లేక కాదు, చెవి పెట్టిన చోటు అలాంటిది.

పురావస్తు శాస్త్రంలో కూడా ఇలాంటి చిక్కే ఉంది. జర్మనీ నైరుతి భాగంలో హోలె ఫెల్స్ అనే గుహలో 2008లో ఒక పిల్లనగ్రోవి దొరికింది. రాబందు రెక్క ఎముకకి ఐదు రంధ్రాలు చేశారు. వయసు 35 వేల నుంచి 40 వేల ఏళ్లు ఉంటుందని అంచనా. సంగీతం పుట్టుక గురించి రాసేవాళ్లంతా దీన్ని ప్రస్తావిస్తారు, ప్రస్తావించాలి కూడా. అయితే ఎముక మిగులుతుంది, గొంతు మిగలదు. అదే గుహలో ఎవరో ఒకామె బిడ్డని ఊపుతూ ఏదో కూనిరాగం తీసే ఉంటుంది. దానికి తవ్వకాల్లో దొరికే ఆనవాలు ఉండదు. మన దగ్గరా అంతే. పదిహేనో శతాబ్దంలో అన్నమయ్య లాలి, జోల, సువ్వి, గొబ్బి వరసలని ఆడవాళ్ల నోళ్ల నుంచి తీసుకుని దేవుడికి పాడాడు. అవి రాగిరేకుల మీదికెక్కాయి కాబట్టి నిలిచాయి. ఆయనకంటే ముందు పదమూడో శతాబ్దంలోనే పాల్కురికి సోమనాథుడు తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అంటూ పేర్లు చెప్పాడు. పేర్లు దక్కాయి, పదాలు దక్కలేదు. ఆడవాళ్ల రేకులు ఆడవాళ్ల గొంతులే. అవి చితి మీద కాలిపోయాయి.

జోలపాట నుంచే సంగీతం పుట్టిందనే వాదమూ ఉంది. దీనికి దగ్గరి ఊహని డీన్ ఫాక్ అనే మానవశాస్త్రవేత్త 2004లో భాష పుట్టుక గురించి ప్రతిపాదించింది. ఒళ్లంతా జుట్టున్న కోతిపిల్ల తల్లిని కరుచుకుని వేలాడగలదు. మనిషిబిడ్డకి ఆ వీలు లేదు. దుంపలు తవ్వుకోవడానికీ కాయలు ఏరుకోవడానికీ తల్లి బిడ్డని కింద దించాలి. దించినప్పుడు చేతులకి బదులు గొంతుతో బిడ్డని పట్టుకుంది. ఈ ఊహ నాకు నచ్చుతుంది. ఇందులో తల్లి పనిచేస్తున్న మనిషి. పాట ఆమె పనికి చేసుకున్న వెసులుబాటు. 2019లో సైన్స్ పత్రికలో అచ్చైన ఒక పెద్ద అధ్యయనం 315 సమాజాల వివరాలు చూస్తే అన్నింటిలోనూ పాట ఉంది. 2021లో మరో పరిశోధనలో, అమెరికా పసిపిల్లలకి తెలియని భాషల జోలపాటలు వినిపిస్తే వాళ్ల గుండె వేగం నెమ్మదించింది.

కానీ ఇక్కడ మనం కొంచెం జాగ్రత్తగా ఉండాలి. ‘సంగీతానికి మూలం మాతృత్వం’ అని ఎవరైనా పొగిడితే, ఆ పొగడ్తని తిప్పి చూసుకోవడం మనకి అలవాటు కావాలి. మాతృత్వాన్ని గద్దె మీద కూర్చోబెట్టినప్పుడల్లా తల్లిని ఇంట్లో కూర్చోబెట్టారు. పైగా ఈ పరిశోధనలన్నీ జోలపాటని బిడ్డ వైపు నుంచే వింటాయి. గుండె నెమ్మదించిందా, నిద్ర పట్టిందా అని. పాడే మనిషి ఏమంటోందో ఎవరికీ పట్టదు. నేను సేకరించిన జోలపాటల్లో సగానికి పైగా బిడ్డకోసం కాదు. అత్త పెట్టిన ఆరళ్లు, పుట్టింటికి పంపని మొగుడు, పండక్కి రాని అన్న. ఎందుకంటే ఎదురుగా ఉన్న శ్రోతకి భాష రాదు. తెలుగు సంసారంలో కోడలు ఏమైనా చెప్పుకోదగిన ఏకైక శ్రోత నెలల బిడ్డ.

ఇక 1897లో కాదు, సరిగ్గా వందేళ్ల తర్వాత 1997లో స్టీవెన్ పింకర్ అనే ఆయన సంగీతాన్ని చెవులకి తినిపించే చీజ్‌కేక్ అన్నాడు. పుట్టుకతో వచ్చిన రుచులకి గాలం వేసే మిఠాయి తప్ప బతకడానికి దాని అవసరమేమీ లేదని. బహుశా ఆయన ఎప్పుడూ వడ్లు దంచి ఉండడు.

వందేళ్ల ముందటి మనిషి కార్ల్ బ్యూషర్. జర్మన్ ఆర్థికవేత్త. 1896లో ‘పని, లయ’ అనే పుస్తకంలో సంగీతానికి మూలం శ్రమలోని లయ అన్నాడు. దేశదేశాల పనిపాటలని పోగుచేశాడు. ఆయన దారిలోనే 1945లో జార్జ్ థామ్సన్ మార్క్సిజాన్నీ కవిత్వాన్నీ కలిపి రాశాడు. మన అభ్యుదయ సాహిత్యంలో ‘శ్రమ నుంచే పాట పుట్టింది’ అన్నమాట ఎంతగా వాడుకయిందంటే, అది ఎవరి శ్రమ అని అడగడం మర్చిపోయాం. అడిగితే జవాబు మన రోకళ్ల దగ్గరే ఉంది.

ఒక రోలు చుట్టూ ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు నిలబడి దంచుతారు. ఒక రోకలి పైకి లేస్తుంటే ఇంకొకటి దిగాలి. లయ తప్పితే రోకళ్లు గుద్దుకుంటాయి, లేదా కింద గింజలు ఎగదోసే చెయ్యి నలుగుతుంది. పాట ఇక్కడ అలంకారం కాదు, చేతులని కాపాడే ఏర్పాటు. ‘సువ్వి’ అన్నమాటే దంచేటప్పుడు విడిచే ఊపిరి చప్పుడేమో అనిపిస్తుంది నాకు. నల్లగొండ జిల్లాలో నేను పాటలు రికార్డు చేసుకుంటున్నప్పుడు ఒక పెద్దావిడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మూడు చరణాలు పాడి ఆగిపోయింది. ఇక గుర్తు రావడం లేదంది. పక్కింటావిడ లోపలికెళ్లి దుడ్డుకర్ర తెచ్చి చేతిలో పెట్టింది. లేచి నిలబడి నేల మీద పోటు వెయ్యగానే మిగతా పాటంతా వచ్చేసింది. ఆ పాట ఆమె తలలో లేదు, భుజాల్లో ఉంది.

మా అమ్మమ్మది తెనాలి వైపు పల్లెటూరు. పన్నెండో ఏటి నుంచీ వాళ్లమ్మతో కలిసి ఆసామి ఇళ్లలో దంపుడుకి వెళ్లేది. కూలి కింద నూకలూ తవుడూ ఇచ్చేవాళ్లు. నా పీహెచ్‌డీ మొదటి సంవత్సరంలో ఉత్సాహంగా ఆ పాటల గురించి అడిగితే ఆమె నన్ను వింతగా చూసింది. “పాటేంటే పిచ్చిదానా? ఆయాసం తెలీకుండా ఏదో అనుకునేవాళ్లం. రెక్కలు పడిపోయేవి. ఊళ్లోకి మర వచ్చింది, పీడ విరగడైంది” అంది. మర వచ్చాక ఎప్పుడైనా ఆ పాట పాడుకున్నావా అంటే, “దేనికీ?” అంది.

ఈ “దేనికీ” అన్న ప్రశ్న నా పరిశోధనంతటికీ అడ్డంగా కూర్చుంది. జానపద సాహిత్యం మీద మనకి మంచి కృషి జరిగింది. బిరుదురాజు రామరాజు గారు ఉస్మానియాలో 1950లలో చేసిన పరిశోధన, నేదునూరి గంగాధరం గారి సంకలనాలు లేకపోతే మాలాంటివాళ్లకి దారే ఉండేది కాదు. అయినా జానపద సాహిత్యం గురించిన ముందుమాటల్లో ఒక రకమైన విలాపం మామూలుగా కనబడుతుంది. మరలు వచ్చాయి, పాటలు పోయాయి, పల్లె మూగబోయింది అని. ఎవరికి మూగబోయింది? అరుగు మీద కూర్చుని విన్నవాడికి పాట పోయింది. దంచినామెకి దంపుడు పోయింది. ఒక మనిషి చాకిరీ ఆగిపోయినందుకు, ఆ చాకిరీ చేస్తూ ఆమె తీసిన రాగం ఇక వినబడదని బాధపడటం న్యాయమేనా? బానిసల పాటలు ఎంత గొప్పవైనా ఆ పాటలకోసం పత్తిచేలు మళ్లీ కావాలని ఎవరమూ అనం. మన రోకళ్ల విషయంలో మాత్రం అంత స్పష్టంగా ఉండలేకపోతున్నాం.

నేను చాలా రోజులు ఈ రెండింటి మధ్యా కొట్టుకున్నాను. ఇప్పుడు నాకు తోస్తున్నది ఇది. ఒక పాట ఆగిపోయినప్పుడు ముందు అడగవలసింది అది ఎంత అందమైనదని కాదు, దాన్ని ఎవరు ఆపారని. పాడే మనిషే అక్కరలేదని కింద పెట్టేసిందా? లేక ఆమె నోట్లోంచి ఎవరైనా లాక్కున్నారా? అమ్మమ్మ దంపుడు పాటని కింద పెట్టేసింది. దాన్ని మ్యూజియంలో పెట్టుకోవచ్చు, ఏడవనక్కరలేదు. ఆ పాటతోపాటు పోయినదొకటి మాత్రం ఉంది. రోలు చుట్టూ నలుగురు ఆడవాళ్లు మగవాళ్లు పట్టించుకోని చోట నిలబడి, అత్తల్నీ ఆసామినీ రాముణ్ణీ కూడా కలిపి దంచగలిగిన వేళ. వెల్చేరు నారాయణరావు 1991లో ఆడవాళ్ల రామాయణపు పాటల మీద రాసిన వ్యాసంలో చూపించింది ఇలాంటి వేళనే. అవి బ్రాహ్మణ ఇళ్ల లోపలి పాటలు. పద్నాలుగేళ్లు నిద్రపోయిన ఊర్మిళ, రాముడు తలుపు బయట నిలబెట్టిన సీత, రాముడి పట్టాభిషేకం కన్నా కౌసల్య పురిటినొప్పులకి ఎక్కువ చోటున్న కథ. మగవాళ్లు అదే ఇంట్లో ఉన్నారు గానీ అవి ఆడంగుల పాటలని చెవినపెట్టలేదు. చెవినపెట్టకపోవడమే ఆ పాటలకి రక్షణ. మర పనిని తీసేసింది, మంచిదే. ఆ వేళకి బదులుగా మాత్రం మనకి ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఇప్పుడు రెండో రాగం సంగతి.

చావింటి ఏడుపుకి ఒక పద్ధతుంది. బయటి ఊరి నుంచి వచ్చే చుట్టం వీధి మలుపులోనే రాగం అందుకుంటుంది. ఇంట్లో వాళ్లు లోపలి నుంచి అందుకుంటారు. మెడలు పట్టుకుని, ఒకరి చరణం మీద ఇంకొకరి చరణం పడుతూ. ప్రతి చరణమూ ఒక పిలుపుతో ఆగుతుంది, నా తండ్రీ అనో, నా కొడకా అనో. ఆ చివరి అచ్చుని ఊపిరి ఉన్నంతసేపూ సాగదీసి కిందికి దించుతారు. అందులో ఏమంటారో విన్నారా? పోయినవాళ్ల గుణగణాలు కొంత. మిగతాది లెక్కలు. మందులకి డబ్బులివ్వని కొడుకు ఎవరు, రాసిచ్చిన పొలం ఎవరి పేరుకెళ్లింది, బతికుండగా గుక్కెడు నీళ్లివ్వని కోడలు ఇప్పుడు ఎలా పొర్లి ఏడుస్తోంది. మామూలు మాటల్లో అంటే తలలు పగిలే సంగతులని రాగంలో పెట్టి ఊరందరి ముందూ అనవచ్చు. దానికి ఎవరూ జవాబు చెప్పరు, తర్వాత నిలదియ్యరు. చాలా కులాల్లో ఆడవాళ్లు శ్మశానానికి వెళ్లరు. తలకొరివి వాళ్లది కాదు, మంత్రం వాళ్లది కాదు. గడప దాకానే వాళ్ల చావు. ఆ గడప లోపల వాళ్లు చేసే కర్మకాండ ఈ రాగమొక్కటే. శవాన్ని ఎత్తే వేళకి మగవాళ్లు ‘ఇక చాలించండమ్మా’ అంటారు, అదీ పద్ధతిలో భాగమే.

ఇప్పుడు పట్నంలో, పట్నమేమిటి మండల కేంద్రంలో కూడా, చావింట్లో మొదట వినబడేది ఈ రాగం కాదు. ఘంటసాల భగవద్గీత. 1970లలో రికార్డయిన ఆ గీత ఇప్పుడు చావుకి ఎంత గుర్తయిపోయిందంటే, పొద్దున్నే ఎక్కడినుంచైనా వినిపిస్తే ‘ఎవరు పోయారు’ అని అడుగుతాం. ఆ గొంతు గొప్పతనం గురించి నాకు ఏ అనుమానమూ లేదు. ఇంట్లో పూజగదిలో పెట్టుకుని వినే రికార్డే అది. చావింట్లో అది చేస్తున్న పని వేరు. ఫ్రీజర్ పెట్టె పక్కన స్పీకరు పెట్టి, చచ్చినవారి కోసం గానీ బతికున్నవారి కోసం గానీ తెలిసినవాళ్లు దుఃఖించరనే ఉపదేశాన్ని, ఏడవడానికి వచ్చిన ఆడవాళ్ల ముందు గంటల తరబడి వినిపిస్తున్నాం. దానికి అడ్డొస్తూ ఎవరు రాగం తీస్తారు? తీసినా పై అంతస్తు వాళ్లు ఏమనుకుంటారు? కొంచెం చదువుకున్న కోడలైతే అసలు తియ్యదు, గుడ్డ నోట్లో కుక్కుకుంటుంది. దాన్ని హుందాతనమంటారు. పది గొంతులు తమ లెక్కలు చెప్పుకున్న చోట ఇప్పుడు ఒక మగగొంతు అందరినీ ఓదారుస్తోంది. అమ్మమ్మ రోకలి కింద పెట్టినట్టు ఈ ఆడవాళ్లు రాగాన్ని కింద పెట్టలేదు. వాళ్ల నోరు మూతపడింది. మరకి ఉన్న మంచితనం స్పీకరుకి లేదు. అది వాళ్ల దుఃఖం బరువేమీ తగ్గించలేదు.

ఎవరు ఆపారన్న నా ప్రశ్న అన్నిచోట్లా ఇంత తేలిగ్గా నడవదు. కళావంతుల విషయంలో నాకు కాళ్లు తడబడతాయి. క్షేత్రయ్య పదాలనీ జావళీలనీ తరాలుగా మోసింది వాళ్లు. 1902 నవంబర్‌లో కలకత్తాలో గ్రామఫోన్ కంపెనీవాళ్లు మొదటిసారి మన సంగీతాన్ని రికార్డు చేసినప్పుడు గొంతులిచ్చింది గౌహర్ జాన్ లాంటి వృత్తి గాయనులే, సంసార స్త్రీలు కాదు. తిరువయ్యూరులో త్యాగరాజుకి సమాధి మందిరం కట్టించిన బెంగుళూరు నాగరత్నమ్మకి అక్కడి ఆరాధనలో పాడే హక్కు లేదు. 1927లో ఆడవాళ్లతో వేరే ఆరాధన మొదలుపెట్టి ఆ హక్కు సాధించుకుంది. ముద్దుపళని కోసం ఆమె చేసిన పోరాటం ఈ పత్రిక పాఠకులకి కొత్త కాదు. 1947లో మద్రాసు దేవదాసీ చట్టం వచ్చింది. ఇంచుమించు అదే కాలంలో ఆకాశవాణి, వ్యక్తిగత జీవితం ‘అపవాదు’ అయిన గాయనులని గుమ్మం బయట పెట్టింది. వాళ్ల సంగీతం మాత్రం లోపలే ఉండిపోయి, కడిగి ఆరేసిన తర్వాత మన ఆడపిల్లలకి సంగీతం క్లాసులో పాఠమైంది.

లాక్కున్నారనే అనాలి. కానీ ఎనిమిదేళ్ల పిల్లకి గజ్జె కట్టి ఎవరికో అప్పగించే ఏర్పాటు కూడా ఆ పాటతోపాటే ఆగింది. సంస్కరణ కోసం పనిచేసినవాళ్లలో యామినీ పూర్ణతిలకం లాంటి ఆ కులం ఆడవాళ్లూ ఉన్నారు, చట్టాన్ని వ్యతిరేకించినవాళ్లలో నాగరత్నమ్మా ఉంది. ఇద్దరూ ఆడవాళ్లే, ఇద్దరూ తమవాళ్ల కోసమే మాట్లాడారు. నా ప్రశ్నకి ఇక్కడ రెండు జవాబులూ వస్తాయి, ఒకదాన్ని ఇంకొకటి కొట్టెయ్యదు. దవేశ్ సోనేజీ 2012లో అచ్చైన తన పుస్తకంలో గోదావరి జిల్లాల కళావంతుల స్త్రీల గురించి రాశాడు. చట్టం వచ్చి దశాబ్దాలు గడిచాక కూడా వాళ్లు తలుపులు మూసుకుని, బయటివాళ్లు ఎవరూ లేకుండా, ఆ పదాలు పాడుకుంటూ అభినయిస్తూ ఉన్నారట. కూలి లేదు, గుడి లేదు, సభ లేదు, చూసేవాళ్లు లేరు. ఏ ప్రయోజనమూ లేని శుద్ధమైన సంగీతం ఎక్కడుందని మెట్లవరస కథ చెప్పేవాళ్లు వెతుకుతుంటారే, అది బహుశా ఆ మూసిన తలుపుల వెనక ఉంది.

బతుకమ్మ గురించి ఒక్కమాట. 2014లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండుగ చేసింది. ఆ వలయంలో ఒకరు చెబితే మిగతావాళ్లు అందుకోవడమే కీలకం. చెప్పేవాళ్లు ఎప్పటికప్పుడు కొత్త సంగతి ఇరికించవచ్చు, కరువు గానీ ఉద్యమం గానీ. డీజే పెట్టెల ముందు అడుగులు ఉన్నాయి, చప్పట్లు ఉన్నాయి, అందుకోవడం లేదు. పాట ఇప్పుడు బయటి నుంచి తయారై వస్తోంది. అయితే ఆ పాత వలయం గురించి మురిసిపోయే ముందు, అందులోకి ఎవరిని రానిచ్చారని దళిత స్త్రీలు అడుగుతున్న ప్రశ్న వినాలి. చాలా ఊళ్లలో ఆ వలయం వాడ పొలిమేర దగ్గరే ఆగింది.

చావు రాగాలు రికార్డు చెయ్యడం చాలా కష్టం. చావు లేకుండా రాగం తీస్తే అరిష్టమంటారు. తీసేటప్పుడు ఫోను పెట్టి రికార్డు చెయ్యడానికి నాకే చెయ్యి రాదు. నల్లగొండ జిల్లాలోనే ఇంకో ఊళ్లో, రాగం తీయడంలో చుట్టుపక్కల పేరున్న ఒక అవ్వ దగ్గరికి మూడుసార్లు తిరిగాను. నాలుగోసారి వెళ్లినప్పుడు ఇంట్లో వద్దని నన్ను ఊరి బయట చెలక గట్టు మీదికి తీసుకుపోయింది. రికార్డరు తియ్యబోతే ఆగమని, “గింత సదువుకున్నవు గదా బిడ్డా, నీకు రాగం తీసుడు వస్తదా? రేపు మీ అమ్మ పోతె ఎట్ల ఏడుస్తవు?” అని అడిగింది.

రాదని చెప్పాను. నా దగ్గర నలభై దాకా ఏడుపు పాటలు రాసిపెట్టుకుని ఉన్నాయి, ఏ చరణం ఎక్కడ విరుగుతుందో చెప్పగలను. తీయడం మాత్రం రాదు. మా అమ్మకీ రాదు.

“ముందుగాల వరుస వెట్టి పిలువు” అందామె. తెలుగులో వరస అంటే చుట్టరికమూ, వరస అంటే పాట నడకా. “అమ్మనో, అత్తనో, అక్కనో, ఆమె నీకేమైతదో ఆ మాట పిలువు. దాన్ని ఇడువకుండ వట్టుకో. ఎనుకనుంచి వరుస అదే వస్తది.”

నేను పిలిచాను. ఊపిరి మధ్యలో తెగిపోయింది. కడుపులోంచి తియ్యమని నా పొట్ట మీద చెయ్యి పెట్టి నొక్కింది. కింద చెలకలో గొర్లు కాస్తున్న పిల్లవాడు తలెత్తి మమ్మల్ని చూసి, ఎవరు పోయిండ్రని గట్టిగా అడిగాడు. “ఎవ్వల్ పోలేదురా, నేర్సుకుంటుంది” అని అరిచి చెప్పి, మళ్లీ మొదటినుంచి తియ్యమంది.